ఓటమికి చేవ్రాలు చేసిన రాయబారి
(పఠనమందిర సభలో చేసిన ఉపన్యాసము)

రాయబారమనగానే మన ఆంధ్రులకు మొదట స్ఫురించునది రంగస్థలము. కృష్ణుడు కౌరవసభకు పోవు ఘట్టమును మనము ఎన్ని రాత్రులు మేలుకొని చూచితిమో, ఎన్ని పద్యములను మరల చదువుమని కేకలు వేసితిమో లెక్కలేదు. కాని ఆ రాయబారమునకు ముందు మరియొక రాయబారము కలదు. అది సంజయునిది. సంజయుడు ధర్మమెరిగినవాడు. తన ప్రభువు పక్షమున న్యాయము లేదనియు నెరిగినవాడు. ఎరిగియు, రాజ్యభాగమిత్తునని ఒక్కమాటయైన చెప్పక శాంతిని మాత్రము కోరు ధృతరాష్ట్రుని సందేశమును పాండవులకడకు మోసికొనిపోయెను. కృష్ణ రాయబారమునకు చప్పట్లు కొట్టుట సులభము. సంజయ రాయబారమును గూర్చి ఆలోచించుట కష్టము. అయినను ఆలోచింపవలసినది దానినే. ఏలన, లోకమున రాయబారులలో కృష్ణులు అరుదు, సంజయులే మెండు.

అట్టి సంజయుని కథయొకటి నేడు మీ యెదుట చెప్పదలచితిమి. ఆయన మన దేశమువాడు కాడు, జపానువాడు. పేరు షిగెమిత్సు మమోరు. సామ్రాజ్యమై వెలిగిన జపానునకు ఆయన ముప్పదియేండ్లకు పైగా రాయబారకార్యము నెరపెను. ఆ సామ్రాజ్యము కూలిన దినమున దాని ఓటమిపత్రముపై చేవ్రాలు చేసినవాడును ఆయనయే.

1945 సెప్టెంబరు 2వ తేది ఉదయము. టోకియో అఖాతములో మిస్సూరి యను అమెరికా యుద్ధనౌక నిలిచియున్నది. దానిపై విజేతలైన దేశముల సేనానులు బారులు తీరియున్నారు. ఒక చిన్న నావ వచ్చి ఆ నౌకప్రక్కన ఆగినది. దానిలోనుండి జపాను ప్రతినిధులు పదునొకండుగురు దిగిరి. అందరికంటె ముందు నడచినవాడు నల్లని అంగీ, పొడవైన టోపీ ధరించి చేతికఱ్ఱ నానుకొని యున్నాడు. ఆయన కుడికాలు కొయ్యకాలు. ఆ కొయ్యకాలితో నౌక నిచ్చెనమెట్లు ఒక్కొక్కటియే ఎక్కి, వేలకొలది నావికులు కన్నార్పక చూచుచుండగా బల్లకడకు వచ్చెను. ఎచ్చట వ్రాలు చేయవలయునో తెలియక క్షణకాలము తడబడెను. మెకార్థరు పక్కనున్న సేనానియొకడు వచ్చి చోటు చూపెను. అప్పుడు చక్రవర్తి పక్షమునను ప్రభుత్వ పక్షమునను తన పేరు వ్రాసెను. అప్పటికి గంట 9, నిమిషములు 4. సైన్యము పక్షమున వ్రాలు చేసినవాడు ఉమెజు సేనాని.

ఆ నౌకపై ఆ దినమున ఒక పాత అమెరికా జెండాను అద్దపు చట్రములో బిగించి వ్రేలాడదీసిరి. 1853లో నల్లని ఓడలతో వచ్చి జపాను తలుపులను బలిమితో తెరపించిన పెర్రీ నౌకాధిపతి జెండా యది. తొంబదిరెండేండ్ల చరిత్ర ఆ జెండాకును ఈ చేవ్రాలునకును నడుమ నున్నది. షిగెమిత్సు జీవితము తెలియవలెనన్న ఆ చరిత్రను కొంత తెలిసికొనక తప్పదు.

పెర్రీ రాకకు పిమ్మట 1858లో పాశ్చాత్యరాజ్యములు జపానుచేత ఒడంబడికలు వ్రాయించుకొనినవి. వానిని అసమానపు ఒడంబడికలని చరిత్రకారులు పిలుతురు. వాని ప్రకారము జపాను గడ్డమీద నేరము చేసిన పరదేశీయుని జపాను న్యాయస్థానము విచారింపరాదు. తన రేవులలో దిగు సరకులపై తనకు నచ్చిన సుంకమును జపాను విధించుకొనరాదు. జెండా తనది, గడ్డ తనది, అధికారము మాత్రము పరులది. ఈ అవమానమెట్టిదో పరపాలన నెరిగిన మనకు వేరుగ చెప్పనక్కరలేదు. దీనిని తొలగించుకొనుటకు జపానునకు అర్ధశతాబ్దము పట్టెను. ముత్సు మునెమిత్సు యను మంత్రి 1894లో ఇంగ్లండుతో క్రొత్త ఒడంబడిక కుదుర్చుకొనగా, 1899 నాటికి పరదేశీయుల ప్రత్యేక న్యాయస్థానములు రద్దయినవి. సుంకముల స్వాతంత్ర్యము 1911లో కొమురా జుటారో యను మంత్రి కాలమున లభించినది. కత్తి దూయకయే, న్యాయశాస్త్రము చదివి, కోరల నొక్కటొక్కటిగ పెరికినట్లు, ఆ జాతి తన మెడలోని ఉచ్చును విప్పుకొనెను.

ఆ 1911వ సంవత్సరముననే షిగెమిత్సు విదేశాంగశాఖలో ప్రవేశించెను. ఆయన 1887లో ఓయితా మండలమున జన్మించి, కిట్సుకి యను చిన్న కోటపట్టణమున పెరిగి, టోకియో రాజవిద్యాలయమున న్యాయశాస్త్రము చదివెను. అవమానమునుండి విడివడిన జాతి గర్వము నెత్తురులో పొంగుచున్న యువకుడు. కాని మహాశయులారా, అదే కాలమున మరియొక కార్యమును జరిగినది. పెర్రీ తనకు చేసినదానిని జపాను 1876లోనే కొరియాకు చేసి, ఆ దేశముచేత అసమానపు ఒడంబడిక వ్రాయించుకొనెను. 1895లో చీనా చేతినుండి తైవాను గైకొనెను. 1905లో రుష్యాను ఓడించెను. ఆ వార్త విని ఆసియా ఖండమంతయు, మన తెలుగునాటి చదువరులతో కూడ, పులకించినది. తెల్లవాడు అజేయుడు కాడని ఆనాడు తెలిసినది. అయిదేండ్లు గడువకమునుపే, 1910లో, ఆ విజేతయే కొరియాను మ్రింగెను. దెబ్బతిన్నవాడు న్యాయమును నేర్చుకొనవచ్చును, దెబ్బకొట్టుటను నేర్చుకొనవచ్చును. జపాను రెండును నేర్చుకొనెను. షిగెమిత్సు బ్రదుకంతయు ఈ రెండు విద్యల నడుమ నలిగినది.

బెర్లినునందును లండనునందును చిన్న ఉద్యోగములు చేసిన పిమ్మట ఆయన 1919లో పారిసు సంధిసభకు వెళ్లిన జపాను బృందములో నొకడాయెను. ఆ సభలో జపాను ఒక గొప్ప కోరిక కోరెను. నానాజాతి సమితి నిబంధనలలో జాతుల సమానత్వమును చేర్చుడని యడిగెను. సమితి నిబంధనల సంఘమున పదునేడుగురిలో పదునొకండుగురు దానికి సమ్మతించిరి. కాని అధ్యక్షుడైన విల్సను, అందరును ఏకగ్రీవముగ ఒప్పుకొననిదే చెల్లదని త్రోసిపుచ్చెను. రంగును బట్టి మనుష్యుని తూచు లోకమును ఆ యువకుడు అక్కడ కన్నులార చూచెను. అదే సభలో చీనావారి షాంటుంగు ప్రాంతపు హక్కులను జపాను తనకు వ్రాయించుకొనుటయు ఆయన చూచెను. ఒక చేత సమానత్వపు అర్జీ, మరియొక చేత పొరుగువాని పొలము. ఈ దృశ్యమును మీరు మరువకుడు. ఇరువదినాలుగేండ్లకు ఇదియే మరల కానవచ్చును.

పిమ్మట ఆయన సేవయంతయు ప్రధానముగ చీనాలో. 1929లో షాంఘైలో ప్రధాన వాణిజ్యప్రతినిధియై, వెంటనే చీనాలో జపాను రాయబారకార్యమంతయు చేపట్టెను. ఆ కాలమున విదేశాంగమంత్రి షిదెహారా, చీనాతో సఖ్యము కోరినవాడు. షిగెమిత్సు తలపోతయు అదియే. మనము అసమానపు ఒడంబడికలను విదల్చుకొంటిమి. చీనా నేడు అదే పని చేయుచుండగా అడ్డుపడుట మనకు న్యాయమా యనునది ఆయన ప్రశ్న. 1930 మే నెలలో చీనాకు సుంకముల స్వాతంత్ర్యము నొప్పుకొను జపాను ఒడంబడికపై ఆయనయే వ్రాలు చేసెను. తన జాతి 1911లో సాధించుకొన్న హక్కును పొరుగుజాతికి ఒప్పుకొనిన చేయి యది. షిగెమిత్సు చేసిన చేవ్రాళ్లలో మేము మిక్కిలి గౌరవించునది ఇదియే.

కాని ఆయన కలము ఒకవైపు వ్రాయుచుండగా సైన్యము మరియొకవైపు వ్రాయుచుండెను. 1931 సెప్టెంబరు 18వ తేది రాత్రి మాంచూరియాలో జపాను సైనికులే రైలుపట్టాలచెంత మందు పేల్చి, ఆ నేరమును చీనావారిపై మోపి, ఆ దేశమునంతయు ఆక్రమించిరి. అప్పుడు షిగెమిత్సు చీనా మంత్రియైన సూంగుతో కలిసి మాంచూరియాకు పోయి తగవులు చల్లార్చవలెనని యత్నములో నుండెను. ఆ యత్నము నేలపాలాయెను. టోకియోలోని మంత్రులు సైన్యమును మందలింపలేక, జరిగినదానిని లోకమునకు సమర్థించు పనిని రాయబారులకు పెట్టిరి. ఆనాటినుండి జపాను రాయబారి పని యేమన, ఇల్లు తగులబెట్టినవానిని ఆపుట కాదు, పొగ యేలవచ్చెనో ఇరుగుపొరుగులకు చెప్పుట.

1932 జనవరి 28న పోరు షాంఘైనగరమునకు ప్రాకినది. చాపెయి పేట బాంబులకు బూడిదయైనది. షిగెమిత్సు ఆ పోరు నాపుటకు రేయింబవళ్లు పాటుపడెను. ఆంగ్లేయ రాయబారి లాంప్సను మధ్యవర్తిగ సంప్రదింపులు సాగి, సంధిపత్రము సిద్ధమగుచుండగా ఏప్రిలు 29 వచ్చినది. అది జపాను చక్రవర్తి జన్మదినము. హోంగ్ క్యూ ఉద్యానవనమున ఉత్సవము చేసిరి. వేదికపై సేనానులు, నౌకాధిపతులు, రాయబారి నిలిచి జాతీయగీతము పాడుచుండగా బాంబొకటి వచ్చి పడినది. షిరకవా సేనాని ఆ గాయములతో మరణించెను. నొమురా నౌకాధిపతికి ఒక కన్ను పోయెను. షిగెమిత్సు కుడికాలు ఛిద్రమాయెను.

బాంబు విసరినవాడు యూన్ బోంగ్ గిల్, ఇరువదిమూడేండ్ల కొరియా యువకుడు. షాంఘైలో ప్రవాసమున నున్న కొరియా ప్రభుత్వనాయకుడు కిం గూ ఆతనిని పంపెను. ఆ సంవత్సరము డిసెంబరులో జపానువారు ఆతనిని కాల్చిచంపిరి. నేటికిని కొరియా దేశమంతయు ఆతనిని దేశభక్తుడని పూజించును. మహాశయులారా, ఇచ్చట మన మనస్సు తక్కెడవలె ఊగుచున్నది. ఆ యువకుని కడుపుమంట మనకు తెలియనిది కాదు. హింసామార్గమును మనము మెచ్చకపోవచ్చును, కాని దేశము పోగొట్టుకొన్నవాని హృదయము నెరుగక పోము. ఆ బాంబు తగిలినదెవరికి? చీనాతో సంధికై పాటుపడుచున్నవానికి. ఆయన ఏమి నేరము చేసెనని మీరడుగవచ్చును. ఆయన ఆ వేదికపై నిలిచెను. అదియే సమాధానము. వేదికమీద నిలిచినవారిలో సాధువెవరు, క్రూరుడెవరు అని క్రింద నిలిచిన బానిస విడదీసి చూడడు. చూడుమని యడుగు హక్కు మనకును లేదు. సామ్రాజ్యపు వేదికనెక్కిన మంచివాడు ఆ సామ్రాజ్యపు పాపములో పాలివాడుగనే కానవచ్చును.

కాని ఆ మంచివాని ధైర్యమును చెప్పక విడుచుట అన్యాయము. మే 5వ తేదిన, కాలు తీసివేయకమునుపు, వైద్యశాలలో పడకపై నుండి ఆ నొప్పిలోనే ఆయన షాంఘై సంధిపత్రమునకు వ్రాలు చేసెను. సంధి చెడినచో పోరు మరల చెలరేగునని ఆయన భయము. తనపై బాంబు పడినదని కక్ష పూనక, శాంతిపత్రమును ముందుంచుకొని పిమ్మట శస్త్రవైద్యునికి కాలొప్పగించినవాడు సామాన్యుడు కాడు.

మరుసటి సంవత్సరము ఆయన విదేశాంగశాఖకు ఉపమంత్రి యాయెను. ఇక్కడ మేము ఆయనకు వకాల్తా పుచ్చుకొనజాలము. 1934 ఏప్రిలులో ఆ శాఖ ప్రతినిధి అమౌ ఒక ప్రకటన చేసెను. తూర్పు ఆసియాలో శాంతిరక్షణ జపాను బాధ్యత, చీనాకు ఇతరదేశములు సైనికసాహాయ్యము చేయుటను జపాను ఒప్పదు అని దాని తాత్పర్యము. దానికి మూలము షిగెమిత్సు ఆలోచనలేయని చరిత్రకారులు చెప్పుదురు. ఆసియా ఆసియావారిదను మాట మధురమైనది. కాని ఆసియాకు పెద్దదిక్కెవరో నిర్ణయించు హక్కు జపానునకెవరిచ్చిరి? మన దేశమునకును ఒక దొరతనము రక్షకుడనని చెప్పుకొనియే వచ్చినది. రక్షకుని రంగు మారినంతమాత్రమున రక్షణ అను పేరుగల బంధనము తీపియగునా?

పిమ్మట మాస్కోకు, అటుపై లండనుకు రాయబారిగ వెళ్లెను. 1938 వేసవిలో కొరియా, మాంచూరియా, రుష్యా హద్దులు కలియుచోట చాంగ్ కూ ఫెంగు గుట్టపై జపాను, రుష్యా సైన్యములు ఢీకొనగా, మాస్కోలో లిట్వినోవుతో వాదించి ఆగస్టులో పోరు నాపించెను. లండనులో నున్నపుడు జర్మనీ విజయములను చూచి టోకియో పెద్దలు తలదిరిగి త్రిరాజ్య ఒడంబడికకు పరుగిడుచుండ, ఇంగ్లండు ఓడిపోవునని నమ్మకుడు, ఐరోపా యుద్ధములో తల దూర్చకుడు అని లండనునుండి వ్రాసి పంపుచుండెను. ఆయన మాట వినినవారు లేరు. 1940 సెప్టెంబరు 27న మత్సువోకా మంత్రి జర్మనీ, ఇటలీలతో ఒడంబడిక చేసికొనెను. 1941 జూనులో షిగెమిత్సు లండను విడిచి వచ్చెను. ఆ డిసెంబరులో యుద్ధము ప్రారంభమాయెను.

ఇక్కడినుండి ఆయన కథ మన గడపకు వచ్చుచున్నది. 1942లో రంగూను పడినది. తరతరములుగ బర్మాలో కూలిచేసికొని బ్రదికిన తెలుగువారు, ఆ దేశమువారు కోరంగీలని పిలిచినవారు, లక్షలకొలది ఇతర భారతీయులతోపాటు పారిపోయిరి. ఓడలలో చోటు దొరకనివారు అరకాను కొండలలోను మణిపురము అడవులలోను నడచి, దారిపొడుగున ఆకలికిని విషూచికిని రాలిపోయిరి. ఆ ఏప్రిలు 6వ తేదిన జపాను విమానములు విశాఖపట్టణముమీదను కాకినాడమీదను బాంబులు వేసినవి. 1905లో మనము పులకించిన ఆ సూర్యుడు మన తీరమున ఉదయించిన విధమిది.

అప్పుడు షిగెమిత్సు నాన్ కింగులో రాయబారి. జపాను నిలిపిన వాంగ్ చింగ్ వై ప్రభుత్వమే అక్కడి ప్రభుత్వము. ఆయన టోకియోకు పదేపదే చెప్పినదేమన, చీనావారిని అణచి యుద్ధము గెలువలేము, వారి హక్కులు వారికిచ్చివేయుడు అని. 1943 జనవరి 9న జపాను చీనాలోని తన ప్రత్యేక న్యాయాధికారములను, ప్రత్యేక పేటలను విడిచిపెట్టుటకు ఒప్పుకొనెను. ఏప్రిలులో టోజో ఆయనను విదేశాంగమంత్రిగ చేసికొనెను. ఆ నవంబరు 5, 6 తేదులలో టోకియోలో బృహత్తూర్పు ఆసియా మహాసభ జరిగినది. బర్మానుండి బా మా, ఫిలిప్పైనులనుండి లారెలు, సయాం, మాంచుకువో, నాన్ కింగు ప్రతినిధులు వచ్చిరి. మన సుభాసచంద్ర బోసు పరిశీలకుడుగ కూర్చుండెను. అండమాను, నికోబారు దీవులను ఆజాదు హిందు ప్రభుత్వమునకు అప్పగింతుమని టోజో అక్కడ ప్రకటించెను. స్వాతంత్ర్యమును గౌరవించుట, జాతిభేదములను రూపుమాపుట సభాప్రకటనలోని సూత్రములు. అవి షిగెమిత్సు మనోరథములు. అట్లాంటికు ప్రకటన భారతదేశమునకు వర్తింపదని చర్చిలు 1941లో చెప్పినాడు కదా. దానికి జవాబుగ ఆసియా చేయు ప్రకటన ఇదియని ఆయన యాశ.

ఆ ప్రకటన చదివిన భారతీయుని గుండె ఉప్పొంగియుండిన తప్పేమున్నది? కాని ప్రకటనకు వెనుకవైపున ఏమున్నదో చూడుడు. ఆ సంవత్సరము మే 31న, చక్రవర్తి సమక్షమున, మలయా, సుమత్రా, జావా, బోర్నియో, సెలెబీసు దీవులను జపాను సామ్రాజ్యములో కలుపుకొనవలెనని నిర్ణయము జరిగినది. షిగెమిత్సు అప్పటికి మంత్రియే. మహాసభలో కొరియా లేదు, తైవాను లేదు. సభకు కొన్ని దినములకు ముందే, అక్టోబరులో, సయాం బర్మా రైలుమార్గము పూర్తియైనది. దాని క్రింద 12,000కు పైగా యుద్ధఖైదీలు ప్రాణములు విడిచిరి. మలయా రబ్బరుతోటలనుండి తరలించుకొనిపోబడిన మన కూలీలు, అరవవారు, తెలుగువారు, బర్మావారితోపాటు అంతకు అనేకరెట్లు చచ్చిరి. అండమానులలో జెండా మారినను అధికారము జపాను నౌకాసైన్యముచేతనే యుండెను. 1944 జనవరి 30న పోర్టుబ్లెయిరు చెంత 44గురు భారతీయులను గూఢచారులని కాల్చివేసిరి. పారిసులో ఆయన చూచిన దృశ్యమే ఇది. ఒక చేత సమానత్వపు పత్రము, మరియొక చేత పొరుగువాని పొలము. ఈమారు పత్రము వ్రాసినవాడు తానే.

తరువాతి కథ మీరు మొదట వింటిరి. ఓటమిపత్రమునకు వ్రాలు చేయుటకు టోకియోలో ఎవరికిని ఇష్టము లేకపోయెను. చేసినవాని పేరు శాశ్వతముగ చెడునని అందరికిని భయము. షిగెమిత్సు ఒప్పుకొనెను. ఈ వ్రాలుతో జాతి మరల బ్రదుకవచ్చునని ఆయన నమ్మకము. మరునాడే మెకార్థరును కలిసికొని, జపానును నేరుగ సైనికులు పాలింతురను ప్రకటనలు వెలువడకుండ ఆపించెను. యుద్ధమున తన మాట చెల్లించుకొనలేనివాడు ఓటమిలో తన ప్రజలకొక మేలు సాధించెను.

దానికి ప్రతిఫలము చెరసాల. 1946 ఏప్రిలు 29న, సరిగా షాంఘై బాంబు పడిన పదునాలుగేండ్లకు, టోకియో న్యాయసభలో 28గురిపై అభియోగము దాఖలాయెను. రుష్యావారి పట్టుదలచేత షిగెమిత్సు పేరును అందులో చేరినది. ఆయన నెరిగిన ఆంగ్లేయులు కూడ ఆయన పక్షమున వాఙ్మూలములు పంపిరి. 1948 నవంబరులో తీర్పు వచ్చినది. ఏడుగురికి ఉరి, పదునారుగురికి యావజ్జీవము, తోగోకు ఇరువదియేండ్లు, షిగెమిత్సుకు ఏడేండ్లు. అన్నిటికంటె తక్కువ శిక్ష ఆయనది. మన దేశమునుండి వెళ్లిన న్యాయాధిపతి రాధావినోద పాలుడు మాత్రము ఈ విచారణయే న్యాయసమ్మతము కాదనియు, అందరును నిర్దోషులనియు భిన్నాభిప్రాయము వ్రాసెను. గెలిచినవాడే న్యాయపీఠమెక్కి ఓడినవానిని విచారించుట న్యాయమా యని పాలుడు వేసిన ప్రశ్నకు బలము కలదు.

అయినను ఆ తీర్పులో ఒక మాట ఆలోచింపదగినది. యుద్ధఖైదీలను హింసించుచున్నారని పరదేశములు మొరపెట్టిన పత్రములు మంత్రియైన షిగెమిత్సుకు వచ్చినవి. ఆయన వానిని సైన్యమునకు పంపెను. సైన్యము వ్రాసియిచ్చిన సమాధానమును తిరిగి పంపెను. నిజమేమో విచారింపవలెనని పట్టుపట్టలేదు. అవసరమైనచో పదవినైన విడువవలసియుండెనని న్యాయసభ అభిప్రాయపడినది. పాలునితో మనము విచారణను శంకింపవచ్చును. ఈ మాటను మాత్రము త్రోసివేయజాలము. ఏలన ఇది విజేత చెప్పినను ధర్మమే.

మహాశయులారా, రాజీనామా అను పదము మనకు క్రొత్తది కాదు. 1919లో పంజాబు ఘోరము చూచి శంకరన్ నాయరు వైస్రాయి మంత్రాంగసభనుండి వెడలిపోయెను. 1939లో మన సమ్మతి లేకయే మనలను యుద్ధములోనికి దింపినపుడు కాంగ్రెసు మంత్రివర్గములు పదవులను వదలినవి. మదరాసులో ప్రకాశము పంతులు, గిరి, గోపాలరెడ్డిగార్లు తమ కుర్చీలనుండి లేచివచ్చిరి. లోపలనుండి మేలు చేయవచ్చునని వారికి తెలియదా? తెలియును. కాని లోపల నిలుచుటయే కీడునకు మొగమై నిలుచుటగు సమయమొకటి వచ్చునని కూడ వారికి తెలియును. భీష్ముడు కౌరవుల ఉప్పు తిన్నాననెను. సభలో ద్రౌపది అడిగిన ప్రశ్నకు ధర్మము సూక్ష్మమనెను. ఆ సూక్ష్మధర్మము కురుక్షేత్రమున అంపశయ్యగ మారినది.

షిగెమిత్సు ఏల వదలలేదు? తాను వదలినచో తనకంటె చెడ్డవాడు వచ్చునని తలచియుండును. ఇది ప్రతి ఉద్యోగియు చెప్పు మాటయే. దానిలో సత్యము లేకపోలేదు. 1932లో ఆయన లేనిచో షాంఘై సంధి చెడియుండవచ్చును. 1945లో ఆయన లేనిచో జపాను నేరుగ సైనికపాలనలో పడియుండవచ్చును. కాని 1943లో ఆయన యుండుటవలన కలిగినదేమి? దోపిడికి ఒక సుందరమైన ప్రకటన కలిగినది. మంచివాడు ఇచ్చిన నమ్మకమే చెడ్డవాని మూలధనమాయెను. అందువలన మేము ఆయనను ఖలుడనము, నిర్దోషియు ననము. లోపలనుండి చేయగల మేలునకు ఎల్ల ఎచ్చటనో కనిపెట్టలేని సజ్జనుడందుము. ఈ వ్యాధి జపానుకు మాత్రమే ప్రత్యేకము కాదు. ఏ కచేరిలోనైనను, ఏ ప్రభుత్వము క్రిందనైనను, స్వపరిపాలనలోనైనను రావచ్చును. అందుచేతనే ఈ కథ చెప్పితిమి.

చివరి ఘట్టము మిగిలియున్నది. 1950 నవంబరులో ఆయన చెరనుండి విడుదలయాయెను. రెండేండ్లకు ఒక రాజకీయపక్షమునకు నాయకుడై, 1954 డిసెంబరులో హటోయామా మంత్రివర్గమున మరల విదేశాంగమంత్రి యాయెను. ఇంతలో మన దేశము సాన్ ఫ్రాన్సిస్కో సంధిలో చేరక, 1952 జూను 9న జపానుతో వేరుగ సంధి చేసికొని, యుద్ధనష్టపరిహారమును కోరకుండ విడిచిపెట్టెను. విశాఖపై బాంబులు పడిన దేశము చేసిన పని యిది. ఓడినవానిని అవమానింపరాదను ఆ నీతిని మేము మన రాయబారచరిత్రలో ఒక వెలుగుగ నెంచుచున్నాము.

1956 డిసెంబరు 18న ఐక్యరాజ్యసమితి జపానును తనలో చేర్చుకొనెను. పదునొకండేండ్లకు ముందు మిస్సూరి నౌకపై వంగి వ్రాలు చేసిన మనుష్యుడే, అదే కొయ్యకాలితో, సభావేదికనెక్కి తన దేశము తూర్పునకును పడమరకును వంతెనయై నిలుచునని చెప్పెను. వంతెన అను మాట గమనింపుడు. 1934లో తూర్పునకు కావలివాడననెను. 1943లో తూర్పునకు నాయకుడననెను. ఇప్పుడు వంతెన ననెను. కావలివాడు త్రోవ నడ్డగించును, నాయకుడు వెంటరమ్మనును. వంతెన త్రొక్కినవారినందరిని మోయును. ఈ వినయమును నేర్చుకొనుటకు ఒక సామ్రాజ్యము, ఒక కాలు, ఒక చెర ఆయన మూల్యమిచ్చెను. ఆ మూల్యములో ఎక్కువభాగము ఇతరులు, కొరియావారు, చీనావారు, మన కూలీలు, చెల్లించిరనియు మరువరాదు.

అటుపై నలుబది దినములైన నిండకమునుపే, 1957 జనవరి 26న, తన అరువదితొమ్మిదవ యేట ఆయన మరణించెను.

సోదరులారా, మన స్వతంత్రదేశపు రాయబారులు నేడు లోకమంతట నున్నారు. మీ పిల్లలలో కొందరు రేపు ఆ పని చేయుదురు. మరి యెందరో కచేరీలలో కలము పట్టుదురు. ఎదుటనున్న పత్రమునకు వ్రాలు చేయవలసివచ్చినపుడు వారు షిగెమిత్సు చేవ్రాళ్లను జ్ఞాపకము చేసికొందురుగాక. చీనా సుంకముల ఒడంబడికపై చేసిన వ్రాలును, వైద్యశాల పడకపై చేసిన వ్రాలును, ఓటమిని ఒప్పుకొని చేసిన వ్రాలును చూచి ధైర్యము నేర్చుకొందురుగాక. ఆయన ఎన్నడును చేయని వ్రాలు ఒకటి కలదు. అది 1943లో రాజీనామాపత్రముపై చేయవలసినది. దానిని చూచి వివేకము నేర్చుకొందురుగాక.